పులుసు మధ్యలో పెట్టిన సవరణ

కోనతెప్ప, 61వ ఏడు. ఏప్రిల్ 27, సోమవారం

సముద్రం మీద తేలే మా తెప్పల దేశపు శాసనసభలో నా కుర్చీ చిట్టచివరి వరసలో కుడిచేతి మూల. ఇరవై మూడేళ్ళుగా అదే. సభాతెప్ప నడిమి భాగం కెరటానికి పెద్దగా కదలదు కాబట్టి మంత్రులు అక్కడ కూర్చుంటారు. చివర మాత్రం ఊయలే. కొత్తగా గెలిచి వెనక వరసలోకి వచ్చినవాళ్ళు మొదటి వారం నియోజకవర్గం కంటే కడుపు గురించే ఎక్కువ ఆలోచిస్తారు. నాకా బాధ లేదు. సభకు రాకముందు నలభై ఏళ్ళు మోకులు పేని, తెప్పకు తెప్ప కట్టి బతికినవాణ్ణి. బడికి పోలేదు. మోకులకు చుట్టి వచ్చే పాత కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని నాకు ఏ విషయమైనా సగమే తెలుసు. కాగితం ఎక్కడ చిరిగితే నా జ్ఞానం అక్కడ ఆగింది.

అదలా ఉంచుదాం. ఇవాళ విదేశాంగ మంత్రి గుబ్బల మాణిక్యాంబ గారు ఒక బిల్లు పెట్టారు. పేరు పరాయి తెప్పల విడుదల బిల్లు. మా ఉత్తరపు అంచున కట్టి ఉన్న పదకొండు మింబూ తెప్పల తాళ్ళు విప్పి, పడమటి గాలి మొదలయ్యేలోపు తూర్పున ఉన్న వాళ్ళ సమాఖ్యకు పంపేయాలట. ఓటు మే 20న.

ఆ పదకొండింటిలో నాలుగోది ఖిన్నమ్మ పురుడు తెప్ప.

పక్క కుర్చీలో ఉన్న మల్లాడి రాఘవమ్మ నా మొహం చూసి గొంతు తగ్గించింది. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద.

"ఏంటండీ పోలయ్య గారూ, అలా తెల్లబోయేరు? ఇరవై మూడేళ్ళకి ఇప్పుడొచ్చిందా మీకు కెరటం?"

"ఆ తెప్పలు విప్పడానికి లేదమ్మా. సవరణ ఉంది."

"ఎవరు పెట్టేరు?"

"నేనే."

ఆవిడ జాలిగా చూసింది. నేను పెట్టిన సవరణ చట్టంలో ఉందంటే సొంత పార్టీ వాళ్ళు కూడా అలాగే చూస్తారు.

ఏప్రిల్ 28

పొద్దున్నే ఖిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. అసలు పేరు డా ఖిన్ మ్యా. వాళ్ళ భాషలో డా అంటే మన 'గారు' లాంటిది. మింబూ సమాఖ్యలో నీటి జబ్బు వచ్చిన ఏడు, అంటే పంతొమ్మిదేళ్ళ క్రితం, పదకొండు తెప్పల మీద నూట ముప్పై మంది మా అంచుకు కొట్టుకొచ్చారు. వాళ్ళలో ఈవిడ మంత్రసాని. తర్వాత మన వైద్య పరీక్ష కూడా రాసి, మా వార్డుకంతటికీ ఒకే ఒక్క వైద్యురాలైంది. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది పిల్లలు ఆవిడ తెప్ప మీదే పుట్టారు. మా వార్డులో పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళెవరు ఏడ్చినా మొదటి ఏడుపు విన్నది ఆవిడే.

తెప్ప ఎక్కుతుంటే గుంజ దగ్గర నా ముడి కనిపించింది. మా నాన్న నేర్పిన ముడి. పదకొండు తాళ్ళూ ఆ రోజు నేనే కట్టాను. ఉప్పు పట్టి రాయిలా గట్టిపడింది. దాని మీద గుల్లలు కాపురం పెట్టాయి, వాటికి పిల్లలు కూడా పుట్టినట్టున్నారు.

ఖిన్నమ్మ చింతాకు పచ్చడి నూరుతోంది.

"విన్నాన్లే అన్నా. రేడియోలో వచ్చింది" అంది తలెత్తకుండానే.

"మరి?"

"మరేవుంది. జూన్‌లో ఆరు కాన్పులున్నాయి. తాడు విప్పేస్తే ఆ ఆరుగురూ నాతో పాటు మింబూ వస్తారో, కాన్పులు ఆపుకుని కూర్చుంటారో మీ మంత్రిగారినడిగి చెప్పు."

ఇక్కడ తెప్ప తాడు విప్పారంటే దాంతో పాటు కరెంటు తీగ, మంచినీళ్ళ గొట్టం, పక్కింటి కేక అన్నీ తెగుతాయి. ఆవిడకు మింబూలో ఎవరూ మిగల్లేదు. ఇక్కడైతే అన్నా అని పిలవడానికి నేనున్నాను, పచ్చడిలో ఉప్పెక్కువైందని తిట్టడానికి వార్డు మొత్తం ఉంది.

"భయపడకమ్మా. సవరణ ఉంది" అన్నాను.

"ఉంటే చూపించు" అంది రోలు పక్కకు జరిపి. వైద్యులకు రుజువు కావాలి.

ఏప్రిల్ 30

చూపించడానికి సభ గ్రంథాలయానికి వెళ్ళాను.

మా సభలో ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం సారం పెట్టె అనే యంత్రం పెట్టారు. అంతకుముందు సభ్యులు మాట్లాడిందంతా ఉన్నదున్నట్టు రాసేవారు. ఆ పుస్తకాల బరువుకి గ్రంథాలయం తెప్ప ఒక పక్కకు ఒరిగిపోతోందని ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఒరిగిన వైపున్నవన్నీ నా ప్రసంగాలే. దాంతో ఈ పెట్టె వచ్చింది. ఎవరేం మాట్లాడినా విని, సంబంధం లేనిదంతా వదిలేసి, సారం మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో రాస్తుంది. విన్న గొంతు మాత్రం దాచి ఉంచదు.

పెట్టె వచ్చాక నా ప్రసంగాల చరిత్ర ఇది. ముసలివాళ్ళకు నడిమి తెప్పల్లో ఇళ్ళివ్వాలన్న బిల్లు మీద యాభై నిమిషాలు మాట్లాడాను: మా మేనత్త కెరటానికి అటూ ఇటూ దొర్లుతూనే తొంభై ఏళ్ళు బతికిన సంగతి, ఆవిడ పళ్ళపొడి సంగతి. పెట్టె రాసింది: "సభ్యుడు సమర్థించారు." పడవ బడి బిల్లు: "సభ్యుడు సమర్థించారు." దక్షిణపు దీవులతో చేపల ఒప్పందాన్ని నేను వ్యతిరేకించాను, బల్ల చరిచి మరీ. పెట్టె రాసింది: "సభ్యుడు సమర్థించారు." సరిదిద్దమని అర్జీ పెడితే నాలుగు నెలలకు ఒక వాక్యం చేర్చారు: "తాను సమర్థించలేదని సభ్యుడు తెలిపారు."

సరే, 42వ ఏటి పుస్తకం తెరిచాను. మింబూ తెప్పల ఒప్పందం మీద చర్చ. నా పేరు దగ్గర ఇలా ఉంది: "సభ్యుడు చేపల పులుసు గురించి ప్రస్తావించి ఒప్పందాన్ని సమర్థించారు."

అంతే. సవరణ లేదు. దాని మీద వేసిన ఓటూ లేదు. పుస్తకంలో లేనిది చట్టంలోనూ లేనట్టే.

తప్పు పెట్టెది కాదు, నాది. బుద్ధున్నవాడెవడైనా సవరణను సవరణలా పెడతాడు. నేను పులుసు కథ మధ్యలో పెట్టాను. మా అమ్మ అన్న మాటే సవరణ కాబట్టి, పెట్టె అదీ కథేననుకుని పులుసుతో పాటు వార్చేసింది.

ఆనాటి సభ్యుల్లో ఇంకా మిగిలింది ఇద్దరమే. నేను, ఇప్పటి సభాపతి కొప్పాడి ధనకోటి. ఆయన గదికి వెళ్ళి అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"పులుసు గుర్తుంది పోలయ్యా. నోరూరిపోయింది. తర్వాత నువ్వేవన్నావో తెలీదు."

"నిద్రపోయేవా?"

"ఆకలేసింది. ఆకలి తట్టుకోలేక నిద్రపోయేను."

మే 4

మంత్రిగారిని కలిశాను. మాణిక్యాంబ గారు చెడ్డమనిషి కాదు. మాట తక్కువ, పని ఎక్కువ. నాకు అలాంటివాళ్ళంటే భయం.

"పోలయ్య గారూ, మీకు రెండు ముక్కల్లో చెప్తాను" అన్నారు. నిజంగానే రెండు ముక్కల్లో చెప్పారు. ఒకటి, ఉత్తరపు అంచు గుంజల మీద బరువెక్కువైంది, పడమటి గాలికి తెగితే వార్డంతా కొట్టుకుపోతుంది. రెండు, మింబూ సమాఖ్య పాత ఒప్పందాన్ని పొడిగించడానికి రెండేళ్ళుగా సంతకం పెట్టడం లేదు. కారణం అడిగితే, "ముందు మీ మాట మీకు గుర్తుందో లేదో చూసుకోండి" అని జవాబిస్తున్నారు. "ఏ మాటో వాళ్ళు చెప్పరు, మన పుస్తకాల్లో లేదు. స్నేహం లేనివాళ్ళ తెప్పల్ని నేనెలా మొయ్యనండి?"

"ఆ మాట నేను చెప్తానమ్మా. మా చిన్నప్పుడొకసారి మా అమ్మ..."

"కాగితం తీసుకురండి" అన్నారు ఆవిడ లేచి నిలబడి. "మీ మాట మీద నాకు నమ్మకం ఉంది. సభకి కాగితం కావాలి."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "ఇంతకీ చేప ఏదండి?" అన్నారు. పుస్తకంలో ఆ వాక్యం ఆవిడా చదివారన్నమాట.

మే 8

కొత్త తల్లులకు ఆరు నెలల సెలవు బిల్లు చర్చకొచ్చింది. ఈసారి పెట్టెకు అవకాశం ఇవ్వకూడదని నాలుగే వాక్యాలు రాసుకుని వెళ్ళాను. ఖిన్నమ్మ తెప్ప లేకపోతే సెలవిచ్చి ఏం లాభం అనేది సారాంశం. మొదటి వాక్యం చక్కగా చెప్పాను. రెండో వాక్యంలో 'ఉయ్యాల' అనే మాట వచ్చింది. ఉయ్యాల అనగానే మా తెప్పల మీద ఉయ్యాల అక్కర్లేదని, సముద్రమే ఊపుతుందని, అందుకే మా పిల్లలు నేల మీదున్న దీవులకు వెళ్తే మూడు రోజులు నిద్రపోరని చెప్పాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి మా తమ్ముడు దీవిలో మంచం కాళ్ళకింద కొబ్బరి బొండాలు పెట్టుకుని పడుకున్న సంగతి. సభ బాగా నవ్వింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి మరీ నవ్వారు. పాపం వాళ్ళ ప్రసంగాలు యంత్రాలు రాసిస్తాయి. వాళ్ళకి నవ్వు దొరకడం కష్టం.

పెట్టె: "సభ్యుడు సమర్థించారు."

"ఈ లెక్కన మీ సమాధి మీద కూడా అదే రాస్తారండి" అంది రాఘవమ్మ.

మే 12

ఇవాళ జరిగింది రాస్తుంటే నాకే నమ్మకం కలగడం లేదు.

బిల్లు సంగతి తెలిసి మింబూ సమాఖ్య ఒక రాయబారిని పంపింది. పేరు సందా, వాళ్ళ మర్యాదలో మ సందా, ముప్పై ఏళ్ళుంటాయి. మంత్రిగారిని కలిసి, తిన్నగా మా తెప్పకు వచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాను. ఆమె చెప్పులు విడిచి, నా ఎదురుగా నిలబడి, చిన్నగా దగ్గింది.

"ఏవండోయ్, మాట వరసకి అడుగుతున్నాను, సంగాని పోలయ్య గారంటే తవరేనా?"

ఆ దగ్గు నాది. ఆ 'మాట వరసకి' నాది. గొంతొక్కటే ఆడగొంతు.

"ఆయ్, నేనే. తవరికి తెలుగెవరు నేర్పేరమ్మా?"

"తవరేనండి" అంది.

సంగతేమిటంటే, మా సభ చర్చలు రేడియోలో వస్తాయి కదా, మింబూ వాళ్ళ భాషాశాల అవి పట్టి దాచుకుంటుంది. మొదట్లో మా మంత్రుల ప్రసంగాలతో తెలుగు నేర్పేవారట. అవి నేర్చుకున్న పిల్లలు 'పరస్పర సహకారాన్ని పెంపొందించుకునే దిశగా' అనగలిగేవాళ్ళు గానీ మా బజారు తెప్పలో శేరు రొయ్యలు కొనలేకపోయేవాళ్ళు. అప్పుడెవరో వెనక వరస ముసలాయన గొంతు విని, ఈయన మనిషిలా మాట్లాడుతున్నాడే అన్నారట. ఇప్పుడు అక్కడ తెలుగంటే నేనే. ముప్పై ఎనిమిది పాఠాలు. అన్నీ నా ప్రసంగాలు, దగ్గులతో సహా.

"దగ్గు ఎందుకమ్మా?"

"నవ్వించే ముందు తవరు దగ్గుతారండి. అది వ్యాకరణం అనుకున్నాం. పరీక్షలో దగ్గకపోతే రెండు మార్కులు తగ్గిస్తారండి."

మా వీధిలో అరుగుల మీదున్న ఆడవాళ్ళంతా చేరారు. ఆమె ఏం మాట్లాడినా పడీపడీ నవ్వుతున్నారు. ఇద్దరు పోలయ్యలతో వేగడం మావల్ల కాదన్నారు. నేను మాత్రం నవ్వలేదు, నాకు కళ్ళు కనిపించలేదు కాసేపు. ఇరవై ఒక్క ఏళ్ళు నా మాట గాలికి పోతోందనుకున్నాను. గాలికే పోయింది. కాకపోతే ఆ గాలి తూర్పుకు వీచింది.

అదలా ఉంచుదాం. కళ్ళు తుడుచుకుని అడిగాను.

"42వ ఏడు. పులుసు. ఉందా?"

"పద్నాలుగో పాఠం అండి" అంది సందా. "మా వాళ్ళందరికీ కంఠతా వచ్చు."

మే 14

ఖిన్నమ్మ తెప్ప మీద ముగ్గురం కూర్చుని పద్నాలుగో పాఠం విన్నాం. యాభై ఏడేళ్ళ వయసులో నాకు అంత గొంతుందని మర్చిపోయాను.

అందులో ఉన్నదిది. నా చిన్నప్పుడు దిక్కులేని తెప్ప ఒకటి మా పులుసు వాసన పట్టుకుని దగ్గరికొచ్చింది. మా నాన్న తాడు వేసి కట్టాడు, మా అమ్మ అన్నం పెట్టింది. వారం తర్వాత మా చిన్నాన్న వాళ్ళతో ఏదో గొడవపడి తాడు విప్పబోయాడు. మా అమ్మ గరిటెతో అడ్డం నిలబడి, "కట్టిన చెయ్యే విప్పాలి. నువ్వు కట్టలేదు, తాకకు" అంది. ఇంతవరకూ కథ. తర్వాత నా గొంతే: "కాబట్టి అధ్యక్షా, ఏ తెప్ప తాడైనా కట్టిన చెయ్యే విప్పాలి, మరో చెయ్యి తాకరాదు అని ఒప్పందానికి సవరణ ప్రతిపాదిస్తున్నాను. ఇంతకీ ఆ చేప ఏదంటే..." అప్పటి సభాపతి గొంతు: "సవరణకు అనుకూలురు?" బల్లల చప్పుడు. "ఆమోదం. పోలయ్య గారూ, చేప పేరు చెప్పి కూర్చోండి."

మింబూ వాళ్ళు సంతకం పెట్టకపోవడానికి కారణం ఇదేనట. రెండేళ్ళ క్రితం మేము పంపిన పాత ఒప్పందం ప్రతిలో ఈ సవరణ లేదు. ఆ సమాఖ్యలో బడిపిల్లలకు కూడా తెలిసిన మాటను మేము దాచిపెట్టామనుకున్నారు. దాచిపెట్టలేదు తల్లీ, మా పెట్టెకు పులుసు రుచి తెలియదంతే అని చెప్పాను.

ఖిన్నమ్మ లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. పులుసుకి.

అప్పుడు సందా చిన్నగా దగ్గింది. ఈసారి నవ్వించడానికి కాదు.

"ఈ పదకొండు తాళ్ళు కట్టిందెవరండి?"

"నేనే."

"అయితే సవరణ ఉందని రుజువైతే, విప్పమని తవరికే చెప్తారు కదండి."

చేతిలో చెంబు కింద పెట్టాను. ఆ సంగతి నాకు తట్టలేదు. సవరణ పెట్టినవాణ్ణీ నేనే, తాళ్ళు కట్టినవాణ్ణీ నేనే. సభ ఆదేశాన్ని సభ్యుడు కాదంటే కుర్చీ పోతుంది, ఆ మర్నాడు అడ్డుపడేవాడు లేక సభకు ఆ సవరణనే కొట్టేసే వీలు దొరుకుతుంది.

"నువ్వు విప్పుతావా అన్నా?" అంది ఖిన్నమ్మ పొయ్యి దగ్గరినుంచి. మామూలుగా, పులుసులో కారం సరిపోయిందా అని అడిగినట్టు.

"కుర్చీ పోతే పోయిందమ్మా. ఊగడం తప్పుతుంది" అన్నాను. అన్నానే గాని, ఆ మూల కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో ఆ క్షణంలోనే తెలిసింది.

మే 20

సభ నిండిపోయింది. పరదేశపు రాయబారి సభలో మాట్లాడకూడదు కాబట్టి సందా సందర్శకుల బల్ల మీద కూర్చుంది. పాఠం వినిపించడానికి నేను అనుమతి అడిగాను. సభాపతి సరేనన్నాడు. రెండు నిమిషాలు నడిచిందో లేదో రాఘవమ్మ లేచింది.

"అధ్యక్షా, పెట్టె మళ్ళీ 'సభ్యుడు పులుసు గురించి' అని రాసేసుకుంటోందండి."

ధనకోటి కుర్చీలోంచి దిగి, భుజం మీది కండువా తీసి పెట్టె మీద కప్పాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి సభ తన చెవులతో తానే వింది. నలభై నిమిషాలు. నవ్వారు, గుటకలు మింగారు, మా అమ్మ గరిటె ఎత్తినచోట బల్లలు చరిచారు. "సవరణకు అనుకూలురు" అన్న దగ్గర, ఆ చప్పుళ్ళ వెనక, స్పష్టంగా ఒక గురక వినిపించింది. నలభై మంది ఒక్కసారి సభాపతి వైపు తిరిగారు.

"అది నాదేనని రికార్డులో చేర్చవలసిందిగా..." అని ఆయన అంటుండగా మిగతాది నవ్వుల్లో వినపడలేదు.

సందా సమాఖ్య తరఫు కాగితం ఒకటి పంపింది. సవరణ ఉన్నట్టు ఒప్పుకుంటే సంతకం పెడతాం, గుంజల మీద బరువు తగ్గడానికి తెప్పకొక ఇనుప లంగరు ఇస్తాం అని.

మంత్రిగారు లేచారు. సవరణ చెల్లుతుందన్నారు. బిల్లు మాత్రం వెనక్కి తీసుకోనన్నారు. "ప్రభుత్వం పెట్టిన బిల్లు. సవరణకు లోబడి అమలు చేస్తాం. తాళ్ళు కట్టిన చేతికే నోటీసు వెళ్తుంది." ఇరవై నాలుగు మంది అవునన్నారు, పదిహేడు మంది కాదన్నారు. బిల్లు నెగ్గింది.

నేను వ్యతిరేకంగా ఓటేశాను. చెయ్యి పైకెత్తితే బరువుగా ఉంది. పదకొండు తాళ్ళూ దాని మీదే ఉన్నట్టు. బయటికి వస్తుంటే మంత్రిగారు నా పక్కన నడుస్తూ, "నోటీసు పూర్తిగా చదవండి పోలయ్య గారూ. వెనక పేజీ కూడా. మీకు కాగితాలు సగం చదివే అలవాటని విన్నాను" అన్నారు.

మే 23

నోటీసు వచ్చింది. సంగాని పోలయ్య, వయసు 76, తాను కట్టిన పదకొండు తాళ్ళను జూన్ 5 లోపు గుంజల దగ్గర నేల మీద కూర్చుని, స్వహస్తాలతో విప్పవలసిందని. ఇంకొకరి సాయం చెల్లదని.

వెనక పేజీ తిప్పాను. చిన్న అక్షరాల్లో ఎనిమిదో నియమం: శారీరక కారణం వల్ల పని చేయలేనివారు సంబంధిత వార్డు వైద్యులచే ధ్రువపత్రం సమర్పించినచో, ఆరోగ్యం కుదుటపడే వరకు గడువు పొడిగించబడును. దాని కింద పెన్సిలుతో సన్నటి గీత.

నా మోకాళ్ళు పదేళ్ళుగా పాడైపోయి ఉన్నాయి. ఇందులో అబద్ధం వీసమెత్తు లేదు. మెట్లెక్కేటప్పుడు అవి చేసే చప్పుడుకి పిల్లులు లేచిపోతాయి. ఇక వార్డు వైద్యులంటారా, ఒక్కరే.

ఖిన్నమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి రెండు మోకాళ్ళూ గంటసేపు పరీక్ష చేసింది. కొట్టి చూసింది, వంచి చూసింది, చెవి పెట్టి విన్నది.

"నొప్పా?"

"నొప్పే."

"ఎంత?"

"పదకొండు తాళ్ళంత."

ధ్రువపత్రం రెండు పేజీలు వచ్చింది. చక్కటి దస్తూరి. చివర, "రోగి నేల మీద కూర్చుని తాడు విప్పగల స్థితిలో లేరు. చికిత్స ప్రారంభించితిని. ఎప్పటికి నయమగునో చెప్పలేము" అని రాసి సంతకం చేసింది.

జూన్ 9

పడమటి గాలి వచ్చి మూడు రోజులు ఊపి వెళ్ళింది. మింబూ వాళ్ళు ముందే పంపిన కొత్త లంగర్లు పట్టు వదల్లేదు. పదకొండు తెప్పలూ ఉన్నచోటే ఉన్నాయి. రెండో రోజు గాలిలోనే మూడు వందల పదమూడోవాడు పుట్టాడు. ఏడుపు గాలిని మించింది.

ఒప్పందం మీద సంతకాలు నిన్న ఖిన్నమ్మ తెప్ప మీదే అయ్యాయి. రెండు ప్రభుత్వాల వాళ్ళూ పులుసు తిన్నారు. మంత్రిగారు మూడోసారి అన్నం కలుపుకుంటూ చేప పేరు మళ్ళీ అడిగారు. అది పద్నాలుగో పాఠం చివర్లో ఉందండి, పూర్తిగా వినాలి అన్నాను.

సందా ఇక్కడే రాయబారిగా ఉండిపోతుందట. ఈ పొద్దున ఆమె తెప్ప మా అంచుకు వచ్చింది. తాడు విసిరారు. అందుకున్నాను. గుంజ దగ్గర కూర్చుని మా నాన్న ముడి వేసి, పక్కనున్న పాత ముళ్ళతో సరిచూసుకుని లేచేసరికి ఎదురుగా మాణిక్యాంబ గారు.

"మోకాళ్ళు కులాసాయేనా పోలయ్య గారూ?"

"కట్టడానికి పరవాలేదమ్మా. విప్పడం తలచుకుంటేనే లాగేస్తున్నాయి."

ఆవిడ పన్నెండో ముడి వైపు చూసి, ఇంకో సంగతి అడిగారు, నెమ్మదిగా. నా తర్వాత ఎలాగని. నేను పోతే ఆ తాళ్ళు విప్పే చెయ్యి ఎవరిదని.

"మరో చెయ్యి తాకరాదు అనుంది కదమ్మా" అన్నాను.

ఆవిడ లెక్క తేలినట్టు తలూపి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి విదేశాంగ శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. సభ్యుడు పోలయ్య మోకాళ్ళు త్వరగా నయం కావడం ప్రభుత్వ బాధ్యత కాబట్టి, వార్డు వైద్యురాలు ప్రతి సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి నూనె మర్దన చేయాలని.

సభ పుస్తకంలో మే 20 నాటి పేజీలో నా పేరు దగ్గర ఖాళీగా మిగిలిందని మొన్న గ్రంథాలయం అమ్మాయి అడగడానికి వచ్చింది. కండువా కింద పెట్టె ఏమీ వినలేదు కదా. ఏం రాయమంటారు తాతా అంది. ఇరవై మూడేళ్ళకు నా చేతికి కలం ఇచ్చారు. చెప్పాల్సిన కథలు పద్దెనిమిది దాకా గుర్తొచ్చాయి. ఒక వాక్యం రాసిచ్చాను: "సభ్యుడు వ్యతిరేకించారు."

ఇప్పుడు సాయంత్రం. ఉత్తర్వు ప్రకారం ఖిన్నమ్మ వచ్చింది. నూనె వెచ్చచేసి మోకాళ్ళకు పట్టిస్తోంది.

"తగ్గిందా అన్నా?"

"లేదమ్మా."

"మంచిది" అని, నూనె గిన్నె మూతపెట్టి, అన్నం వడ్డించడానికి లేచింది.